వడ్లకు ధర వుంది – ఊకకు, తవుడుకు లెక్క ఏది?

మాడుగులపల్లి: కోతలు మొదలయ్యాయంటే నార్కట్‌పల్లి–అద్దంకి రహదారిపై వడ్ల ట్రాక్టర్లు మిర్యాలగూడ వైపు బారులు తీరడం ఈ ప్రాంత ప్రజలకు కొత్త కాదు. అదే దారిలో ఎదురుగా వచ్చే లారీలను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. కొన్నిటిలో బియ్యం బస్తాలుంటాయి. మరి కొన్నిటిలో తవుడు, నూక, ఊక వుంటాయి. టార్పాలిన్ సరిగా కప్పని లారీ నుంచి ఊక ఎగిరి కళ్లలో పడినప్పుడు తప్ప దానిని గురించి ఆలోచించేవారు అరుదు. అయితే వడ్ల నుంచి బియ్యం పోగా మిగిలే ఈ సరుకు విలువ ఎంత, అది ఎవరికి చేరుతున్నది అనే ప్రశ్నను ఇక దాటవేయడానికి వీలులేదు. ఎందుకంటే ఒకనాడు పారబోసిన ఈ వ్యర్థం నేడు ధర పలికే సరుకు. సరుకు అయినప్పుడు దానికి యజమాని ఎవరన్న తగవు వస్తుంది.

1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత నల్లగొండ జిల్లా దక్షిణ భాగం రూపురేఖలే మారిపోయిన సంగతి విదితమే. నిడమనూరు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో జొన్న, ఆముదం చేలు వరి మడులయ్యాయి. వరి వెంట మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ పరిసరాలలోని మిల్లుల సముదాయానికి ఆసియా ఖండంలోనే పెద్దదన్న పేరు వుంది. 2016లో జిల్లాల పునర్విభజన నాడు మండల కేంద్రమైన మాడుగులపల్లి ఈ మిల్లులకు వెళ్లే దారిలో వుంది. ఇక్కడి రైతుకు మిల్లు దూరం కాదు. మిల్లు లెక్క మాత్రం చాలా దూరం.

బియ్యం పోగా మిగిలేది

ముందు తూకం చూద్దాం. ప్రభుత్వం కొనుగోలు చేసిన ధాన్యాన్ని మిల్లుకు ఇచ్చినప్పుడు, క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం తిరిగి ఇవ్వాలన్నది నిబంధన. మిగిలిన 32, 33 కిలోలు ఏమైనట్లు? సుమారు 20 కిలోలు ఊక. 5 నుంచి 8 కిలోల వరకు తవుడు. కొంత తాలు, దుమ్ము, ఆరిపోయిన తేమ. నూక బియ్యంలోనే కలిసి వుంటుంది. పచ్చి బియ్యంలో 25 శాతం వరకు, ఉప్పుడు బియ్యంలో 16 శాతం వరకు నూకను ఆహార సంస్థ చిరకాలంగా అనుమతిస్తూ వచ్చింది. అంతకు మించి విరిగిన నూక విడిగా బయటకు పోతుంది.

అంటే రైతు తెచ్చిన ప్రతి మూడు బస్తాలలో దాదాపు ఒక బస్తా బియ్యం కానిదే. రోజుకు 100 టన్నుల వడ్లు ఆడించే ఒక మిల్లును తీసుకుంటే, 20 టన్నుల ఊక, 5 నుంచి 8 టన్నుల తవుడు వస్తాయి. ఇటువంటి మిల్లులు పదుల సంఖ్యలో ఒక్క పట్టణం చుట్టూ వున్నప్పుడు, మిగిలే సరుకే ఒక పెద్ద పరిశ్రమకు ముడిసరుకు అవుతుంది. అయింది కూడా.

కలిస్తే చెత్త, విడిపోతే సరుకు

పాత హల్లరు మిల్లులు వున్న రోజులలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కారు. హల్లరులో వడ్లను రాపిడి చేసి పొట్టు వూడదీసేవారు. ఊక పొడి పొడి అయి తవుడులో కలిసిపోయేది. ఆ మిశ్రమం పశువుల దాణాకు, కోళ్ల మేతకు తప్ప మరి దేనికీ కొరగాదు. నూనె తీయడానికి పనికి వచ్చేది కాదు. తరువాత రబ్బరు రోళ్ల మిల్లులు వచ్చాయి. వీటిలో ముందు ఊక వేరుపడుతుంది. ఆ తరువాత పాలిషులో తవుడు వేరుగా వస్తుంది. యంత్రం చేసిన పని ఒక్కటే – రెండు వస్తువులను కలవనీయకపోవడం. అంతమాత్రాన తవుడు నూనె మిల్లుకు ముడిసరుకయింది; ఊక బాయిలరుకు ఇంధనమయింది.

తవుడులో 15 నుంచి 20 శాతం దాకా నూనె వుంటుంది. ఉప్పుడు బియ్యం తవుడులో ఇది ఇంకా ఎక్కువ. అయితే తవుడుకు ఒక దోషం వుంది. పచ్చి బియ్యం పాలిషు కాగానే అందులోని ఒక రసాయనం నూనెను కుళ్లబెట్టడం మొదలుపెడుతుంది. ఒకటి, రెండు రోజులు నిలువ వుంచితే వంటనూనెకు పనికిరాక సబ్బుల తయారీకి పోతుంది. అందుకే నూనె తీసే ఫ్యాక్టరీ మిల్లులకు చేరువలో వుండాలి. మిల్లులు గుంపుగా వున్న చోటే తవుడుకు మంచి ధర రావడానికి కారణం ఇదే. వడ్లను ఉడకబెడితే ఆ రసాయనం చాలావరకు చచ్చిపోతుంది కనుక ఉప్పుడు తవుడు కొంతకాలం నిలువ వుంటుంది.

మన దేశం ఏటా సుమారు 160 లక్షల టన్నుల వంటనూనెలను విదేశాల నుంచి కొంటున్నది. దేశంలో తయారవుతున్న తవుడు నూనె 10 లక్షల టన్నుల దరిదాపులలో వుంది. ఈ నూనె కోసం ఒక్క ఎకరా అదనంగా సాగు చేయనక్కరలేదు. ఒక్క తడి నీరు అదనంగా పెట్టనక్కరలేదు. నూనె తీసిన తరువాత మిగిలే తవుడు పశువుల దాణాకు పోతుంది. వ్యర్థం నుంచి ఒక సరుకు, ఆ సరుకు వ్యర్థం నుంచి మరొక సరుకు – ఇదీ వరుస.

అయితే ఈ సరుకుల ధర మిర్యాలగూడలో నిర్ణయం కాదన్నది గమనార్హం. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించింది. 2025 మార్చిలో ఎత్తివేసింది. నూనె తీసిన తవుడు ఎగుమతిని 2023 జూలైలో నిషేధించి, 2025 అక్టోబరులో అనుమతించింది. పాలధర, దాణాధర అదుపులో వుంచడం దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఢిల్లీలో ఒక ఉత్తర్వు వెలువడితే ఇక్కడ తవుడు ధర మారుతుంది. తవుడు ధర మారితే మిల్లరు వడ్లకు ఇవ్వగలిగిన ధర మారుతుంది. ఈ గొలుసు చివరి కొస రైతు చేతిలో వుంది. మొదటి కొస ఎక్కడున్నదో అతనికి చెప్పేవారు లేరు.

మర కూలి ఎవరు ఇస్తున్నారు?

ఇంటి తిండికి బస్తా వడ్లు వూరి మరలో ఆడించుకోవడం పల్లెలలో అందరికీ తెలిసినదే. తవుడు, నూకలు ఇంటికి తెచ్చుకుంటే మర కూలి డబ్బు రూపంలో ఇవ్వాలి. తవుడు మరకే వదిలిపెడితే కూలి తగ్గుతుంది, లేదా అసలే వుండదు. దీనికి చట్టాలు, కమిటీలు అక్కరలేదు. తవుడు విలువ ఎంతో ఇద్దరికీ తెలుసు కనుక బేరం అక్కడికక్కడే తేలిపోతుంది.

ప్రభుత్వం తన ధాన్యాన్ని మిల్లులకు ఇచ్చి బియ్యం తీసుకునే పద్ధతి కూడా ఇదే బేరం, పరిమాణమే పెద్దది. ఇక్కడ కూడా తవుడు, ఊక, అదనపు నూక మిల్లు వద్దనే వుండిపోతాయి. వాటి విలువను లెక్కలోకి తీసుకునే మర కూలిని తక్కువగా నిర్ణయించామని ప్రభుత్వం చెబుతుంది. కేంద్రం ఇచ్చే ఈ కూలి క్వింటాలుకు కొద్ది పదుల రూపాయలకు మించలేదు. చూడడానికి ఇది మిల్లర్లకు అన్యాయంగా కనిపిస్తుంది. కాని రెండో వైపు లెక్క కూడా చూడాలి. క్వింటాలు వడ్లకు 20 కిలోల ఊక వస్తుందనుకుంటే, ఊక ధర కిలోకు ఒక్క రూపాయి పెరిగితే మిల్లుకు 20 రూపాయల లాభం. తవుడు 6 కిలోలనుకుంటే, ధర కిలోకు 5 రూపాయలు పెరిగితే 30 రూపాయల లాభం. అంటే ఉపఉత్పత్తుల ధరలో వచ్చే చిన్న మార్పు సైతం మొత్తం మర కూలిని మించిపోగలదు.

ధరలు ఇలా మారుతుండగా, కూలి రేటు మాత్రం ఏళ్ల తరబడి కదలకపోతే ఏమవుతుంది? కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2015 డిసెంబరులో పార్లమెంటు ముందుంచిన నివేదికలో ఈ విషయాన్నే ఎత్తిచూపారు. 2009–10 నుంచి 2013–14 వరకు జరిగిన ధాన్యం సేకరణను తనిఖీ చేసి, మన రాష్ట్రం సహా కొన్ని రాష్ట్రాలలో ఉపఉత్పత్తుల విలువను సరిగా లెక్కకట్టనందువల్ల మిల్లర్లకు 3,743 కోట్ల రూపాయల అనుచిత లబ్ధి చేకూరిందని పేర్కొన్నారు. ఊక, తవుడు అని తేలికగా తీసిపారేసే వస్తువుల లెక్క ఇది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. మద్దతు ధర చెల్లించి ప్రభుత్వం కొన్న తరువాత ఆ వడ్లు రైతువి కావు. కనుక వాటి తవుడు మీద న్యాయంగా హక్కు ప్రభుత్వానిది, అంటే బియ్యం సబ్సిడీకి పన్నులు కట్టే ప్రజలది. ఈ దారిలో అన్యాయం జరిగితే నష్టపోయేది ఖజానా. కాగా మిల్లుకు నేరుగా అమ్ముకునే రైతు సంగతి వేరు. అతని బేరంలో వడ్ల ధరతోపాటు తవుడు, ఊకల ధర కూడా ఇమిడివుండాలి. ఈ రెండు దారులను కలిపి మాట్లాడడం వల్లనే చర్చ గందరగోళంగా తయారవుతున్నది.

మిల్లర్ల వాదన కూడా తీసిపారేయదగినది కాదు. కరెంటు, హమాలీ ఖర్చులు పెరిగాయి. గోదాములలో చోటు లేదంటూ బియ్యం తీసుకోవడంలో జాప్యం చేస్తే వడ్డీ భారం వారిదే. యాసంగి పంటది ప్రత్యేక సమస్య. ఎండలు ముదిరిన వేళ కోసిన వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే గింజ విరిగి నూక ఎక్కువవుతుంది. ఉడకబెడితే గింజ గట్టిపడుతుంది. అందుకే తెలంగాణలో ఉప్పుడు బియ్యం మిల్లులు పెరిగాయి. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అనడంతో 2021, 2022 సంవత్సరాలలో రాష్ట్రానికి, కేంద్రానికి మధ్య జరిగిన వివాదం పాఠకులకు గుర్తుండే వుంటుంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గమే యాసంగి వడ్లు కొనడానికి నిర్ణయించవలసి వచ్చింది. ఆ తగవంతా మూలంలో నూక ఎవరి ఖాతాలో పడాలన్నదే.

తేమకు కోత, తవుడుపై మౌనం

ఈ ప్రాంతంలో సన్న వడ్లు పండించే రైతులు చాలామంది హార్వెస్టరు కోసిన వడ్లను ఆరబోయకుండానే మిల్లులకు తోలుతారు. కారణాలు అనేకం. కల్లాలు లేవు. ఆరబోస్తే వానభయం. రోడ్డు మీద పోస్తే ప్రమాదాలు. కొనుగోలు కేంద్రంలో అయితే తేమ 17 శాతం మించరాదు. పచ్చి వడ్లు రాశి పోస్తే వేడెక్కి రంగు మారుతాయి. కనుక ట్రాక్టరు మిల్లు గేటు ముందు నిలిచిన తరువాత రైతుకు బేరమాడే శక్తి వుండదు. ట్రాక్టరు కిరాయి గంట గంటకూ పెరుగుతుంటుంది.

తేమకు ధరలో కోత పెట్టడం తప్పు కాదు. నీటికి ఎవరూ డబ్బివ్వరు. కాని ఎంత కోత న్యాయమో రైతు తానే కాగితం మీద వేసుకోవచ్చు. 26 శాతం తేమ వున్న క్వింటాలు వడ్లలో నీరు పోగా 74 కిలోల పొడి సరుకు వుంటుంది. అదే సరుకు 17 శాతం తేమకు ఆరితే 89 కిలోలు తూగుతుంది. 2025–26 సీజనుకు ‘ఎ’ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు. దాని ప్రకారం 26 శాతం తేమ గల వడ్లకు క్వింటాలుకు సుమారు 2,130 రూపాయలు సమానమైన ధర. ఆరబెట్టే ఖర్చు దీనిలో మరికొంత తగ్గించవచ్చు. అంతకన్నా బాగా దిగిందంటే అది తేమకు పెట్టిన కోత కాదు, రైతు తొందరకు పెట్టిన కోత.

ఆరబెట్టడానికి ఇంధనం ఖర్చు అవుతుందన్న మాట నిజమే. కాని ఆ ఇంధనం ఎక్కడిది? వడ్ల మీదున్న ఊకదే. ఒక టన్ను పచ్చి వడ్లను 26 నుంచి 17 శాతం తేమకు తేవడానికి దాదాపు 108 కిలోల నీటిని ఆవిరి చేయాలి. యంత్రంలో సగం వేడి వృథా అయినా 50 కిలోల లోపు ఊక చాలు. అదే టన్ను వడ్లలో సుమారు 180 కిలోల ఊక వుంటుంది. అంటే తన పొట్టులో నాలుగో వంతుతో వడ్లు తామే ఆరిపోగలవు. నీటికి కోత పెట్టే తక్కెడ ఊకను, తవుడును తూచకపోవడం విచిత్రం.

గడ్డి తగలబెట్టడం, అమ్మడం

మిల్లు దాకా పోని వ్యర్థం పొలంలోనే మిగిలే గడ్డి. చేతికోతల కాలంలో గడ్డివాములు ఇంటికి సిరిగా వుండేవి. హార్వెస్టరు వచ్చిన తరువాత గడ్డి చెల్లాచెదురుగా మడిలో పడిపోతున్నది. పశువులు తగ్గాయి. రెండో పంటకు వ్యవధి తక్కువ. ఫలితంగా అగ్గిపెట్టెకు పని పడుతున్నది.

టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ వుంటాయని వ్యవసాయ శాస్త్రజ్ఞుల లెక్క. తగలబెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. పొటాష్‌లో అధికభాగం బూడిదలో మిగిలినా, గాలికి, నీటికి కొట్టుకుపోయినంత పోతుంది. నేలలోని సేంద్రియ పదార్థానికి చేరవలసిన కర్బనం పొగ అవుతుంది. ఈ నష్టం గురించి అధికారులు చెబుతూనే వున్నారు.

అయితే రెండో వైపు చెప్పేవారు తక్కువ. ఈ మధ్య గడ్డిని యంత్రాలతో చుట్టలు చుట్టి అమ్మడం పెరిగింది. కాల్చడం కన్నా ఇది మేలు. పశువుల మేతకు పనికివస్తుంది. కాని గడ్డి ఉచితమైన సరుకు కాదు. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి పొలం దాటితే దానితోపాటు 60 కిలోలకు పైగా పొటాష్ దాటిపోతుంది. రెండు బస్తాల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో వుండేది అంతే. ఆ ఎరువును మన దేశం పూర్తిగా దిగుమతి చేసుకుంటున్నది. గడ్డి చుట్టకు వచ్చే ధరలో ఈ రెండు బస్తాల ఖరీదు తీసివేసి మిగిలితేనే రైతుకు లాభం. పేడ రూపంలో తిరిగి పొలానికి వస్తే లెక్క సరిపోతుంది. పక్క జిల్లా పాడికి పోతే తిరిగి రాదు.

బూడిద – రెండు రకాలు

ఊక కాలిన తరువాత దానిలో అయిదో వంతు బూడిద మిగులుతుంది. 100 టన్నుల వడ్లకు వచ్చే 20 టన్నుల ఊకనంతా కాలిస్తే 4 టన్నుల బూడిద. ఇందులో 85 నుంచి 95 శాతం సిలికా. సమపాకంలో కాల్చితే సిమెంటు కాంక్రీటులో కలపడానికి పనికివస్తుందని 2000 సంవత్సరపు భారత ప్రమాణాలే అంగీకరించాయి. ఉక్కు ఫ్యాక్టరీలలో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన చల్లడానికి కూడా వాడతారు. కాని సగం కాలిన నల్లబూడిద, రాళ్లు మట్టి కలిసిన బూడిద ఎవరికీ అక్కరలేదు. అది గుంతలలోను, చెరువు శిఖాలలోను, రోడ్ల పక్కన చేరుతుంది. గాలి వీస్తే ఇళ్లలోకి, వాన పడితే బావులలోకి వస్తుంది. వస్తువు ఒక్కటే, ఒకచోట సరుకు, మరొకచోట కాలుష్యం.

ఇదే కథ అంతకు వందల రెట్లు పెద్దగా దామరచర్ల మండలం వీర్లపాలెంలో జరుగుతున్నది. 2015లో శంకుస్థాపన జరిగిన యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 4,000 మెగావాట్లు. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు. రెండో యూనిట్ 2024 డిసెంబరులో జాతికి అంకితమైంది. ఒక యూనిట్ పూర్తి సామర్థ్యంతో ఒక రోజు నడిస్తే సుమారు 12 వేల టన్నుల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో బూడిద మూడో వంతు పైమాటే. అంటే రోజుకు 4 వేల టన్నుల బూడిద – ఒక్క యూనిట్ నుంచే.

దీనికి గిరాకీ లేకపోలేదు. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాలలో సున్నపురాయి ఆధారంగా వెలసిన సిమెంటు ఫ్యాక్టరీలు అందుబాటు దూరంలోనే వున్నాయి. పొజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం వరకు బూడిద కలపవచ్చు. ఒక టన్ను బూడిద కలిపితే ఒక టన్ను క్లింకరు ఆదా. దానితో టన్నున్నర సున్నపురాయి, దానిని కాల్చే బొగ్గు ఆదా. కాని ఇక్కడ కూడా నియమం అదే. చిమ్నీకి ముందు యంత్రాలలో పట్టిన పొడి బూడిదే సిమెంటుకు పనికివస్తుంది. దానిని నీటితో కలిపి చెరువులోకి పంపితే ధర పోయి బాధ్యత మిగులుతుంది. 1999 నాటి కేంద్ర ప్రకటనలో బూడిదను ఉచితంగా ఇవ్వాలన్నారు. గిరాకీ పెరిగిన తరువాత 2009లో అమ్ముకోవడానికి అనుమతించారు. 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన ప్రకారం బూడిదనంతా వినియోగించాలి. గడువులోగా వినియోగించని ప్రతి టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కట్టాలి. ఒకప్పుడు తీసుకుపొమ్మని బతిమాలిన వస్తువు తరువాత అమ్మకపు సరుకయింది. అమ్ముడుపోకపోతే జరిమానా అయింది.

సూర్యాపేట పాఠం

ఈ సూత్రాన్ని పట్టణపు చెత్తకు అన్వయించి చూపింది మన పొరుగున వున్న సూర్యాపేటయే. 2000 దశకం తొలి సంవత్సరాలలో నాటి మునిసిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో వీధులలోని చెత్తకుండీలు తీసివేశారు. ఇంటింటి నుంచి తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా సేకరించారు. తడి చెత్తతో వానపాముల ఎరువు తయారు చేశారు. పొడి చెత్తను వేరుచేసి అమ్మారు. లక్ష జనాభా గల పట్టణం చేసిన ఈ పనిని చూడడానికి దేశం నలుమూలల నుంచి మునిసిపాలిటీల వారు వచ్చారు. తడి, పొడి వేరుచేయడాన్ని దేశమంతటా ఇంటి బాధ్యతగా చెప్పిన నిబంధనలు 2016లో గాని రాలేదు.

అక్కడ కొత్త యంత్రం ఏదీ లేదు. కలిసిపోకముందే వేరుచేయడమే కిటుకు. కుళ్లిన కూరగాయల తొక్కుతో తడిసిన కాగితం చెత్త. పొడిగా వున్న కాగితం పాత సామాన్ల వ్యాపారికి సరుకు. వేరుచేసే శ్రమ ఇంట్లో పడితే నిమిషం పని. కుప్పలో పడిన తరువాత అది కార్మికుడి చేతికి, ఊపిరికి ప్రమాదం. అయితే ఇటువంటి పనులు అధికారి బదిలీతో నీరుగారిపోవడం మన మునిసిపాలిటీలన్నిటికీ అనుభవమే. ఆదాయం ఎవరి ఖాతాలో పడుతుందో, దానిలో సేకరించిన కార్మికునికి ఏమి దక్కుతుందో కాగితం మీద లేకపోతే, ఉత్సాహం కొద్దికాలమే నిలుస్తుంది.

చేయవలసినది

పై ఉదాహరణలన్నీ రెండు మాటలు చెబుతున్నాయి. వేరుచేసినప్పుడే వ్యర్థానికి ధర వస్తుంది. ధర వచ్చిన వెంటనే అది ఎవరిదో తేల్చకపోతే బలమున్నవాడిది అవుతుంది. ఈ రెండో మాటే మన ప్రాంతంలో మరుగున పడిపోయింది.

దీనికి పెద్ద ప్రణాళికలు అవసరం లేదు. వ్యవసాయ మార్కెట్ యార్డులలో వడ్ల ధర రాసే బోర్డు మీదనే ఆనాటి తవుడు, నూక, ఊక ధరలు కూడా రాయించవచ్చు. ఖర్చు ఒక సుద్దముక్క. క్వింటాలు వడ్లలో ఏది ఎంత వస్తుందో పక్కనే రాస్తే, రైతు తన వడ్ల మొత్తం విలువను అయిదు నిమిషాలలో కట్టుకోగలడు. మిల్లరు ఇచ్చేది న్యాయమైన ధరే అయితే ఆ బోర్డు ఆయన పక్షాన కూడా సాక్ష్యం చెబుతుంది.

మర కూలిని ఒకసారి నిర్ణయించి ఏళ్ల తరబడి వదిలివేయకుండా, తవుడు, ఊక ధరలతో ముడిపెట్టి ప్రతి సీజనుకు సవరించాలి. ధర పెరిగినప్పుడు ఖజానాకు, పడిపోయినప్పుడు మిల్లులకు రక్షణ వుంటుంది. ఎగుమతి నిషేధం వంటి ఉత్తర్వులు వచ్చినప్పుడు తగవు రాదు.

సహకార సంఘాల కొనుగోలు కేంద్రాలలో ఊకతో నడిచే ఆరబెట్టే యంత్రాలు పెట్టించడం మూడవది. ఆరిన వడ్లు చేతిలో వున్న రైతు మిల్లు గేటు దగ్గర నిలబడే తీరే వేరుగా వుంటుంది. రెండు రోజులు ఆగగలిగినవాడికే బేరం ఆడే హక్కు వుంటుంది. దీని పెట్టుబడి ఎక్కువే కావచ్చు; ఒక్క సంఘంలో మొదలుపెట్టి లెక్క తేల్చుకున్న తరువాత మిగిలిన చోట్లకు విస్తరించవచ్చు.

నాలుగవది బూడిద. మిల్లుల నుంచి ఎంత బూడిద వచ్చింది, ఎక్కడికి పోయింది అన్న రిజిస్టరు వుండాలి. చెరువు శిఖంలో పోసే బూడిదకు జవాబుదారీ లేనంతకాలం దానిని ఇటుకల బట్టీకి తరలించే ఖర్చు ఎవరూ పెట్టరు. థర్మల్ కేంద్రానికి టన్నుకు వెయ్యి రూపాయల నియమం వున్నప్పుడు, మిల్లులకు కనీసం లెక్క చెప్పవలసిన నియమమైనా వుండడం సమంజసం.

వీటిలో మొదటిది రేపు ఉదయమే చేయదగినది. తక్కెడ మీద ఏమి వున్నదో ఇరుపక్షాలకూ తెలిసిన చోట బేరం సాఫీగా సాగుతుంది. వూరి మరలో బస్తా వడ్లు ఆడించుకునే ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి తెలుసు. జిల్లా మార్కెటింగ్, పౌర సరఫరాల అధికారులు వచ్చే కోతల లోపల ఈ విషయంపై దృష్టి సారించవలసి వుంది.